ధాత కరువు ఉత్తరాల కోసం: ఆక్స్‌ఫర్డ్ రీడింగ్ రూములో పదకొండు రోజులు

నేను చరిత్రలో పరిశోధన చేస్తున్నాను. మాది నంద్యాల జిల్లాలో, ముత్యాలపాడుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక పల్లె. 1876 నుంచి 1878 దాకా మా ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన ధాత కరువు మీద నా పని. ఆ కరువు గురించి ప్రభుత్వం రాయించిన నివేదికలు చెన్నైలోనూ ఇతర చోట్లా దొరుకుతాయి. మా పల్లెల మధ్యనే ఉండి రోజూ చూసినవాళ్లు రాసుకున్న ఉత్తరాలు మాత్రం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బాడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా పనిచేసిన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషనరీ సంఘం దస్తావేజుల్లో ఎక్కువ భాగం అక్కడికే చేరాయి. 1701లో పుట్టిన సంఘం అది. కాగితాలను పారేయని అలవాటు వాళ్లది.

వెళ్లే ముందు, అక్కడ అసలు ఏం జరుగుతుందో తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. దొరకలేదు. అందుకే, 2025 మార్చి 30న తిరిగి వచ్చి వారం కూడా కాకముందే, గుర్తున్నవన్నీ రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 9న ఆ లైబ్రరీలో దస్తావేజుల విభాగానికి మెయిల్ పెట్టాను. మూడు రోజుల్లో జవాబు వచ్చింది. ఏ శ్రేణిలో ఏముంటుందో ఆ జవాబులోనే విడమరచి చెప్పారు. మిషనరీలు పంపిన అసలు ఉత్తరాలు డి శ్రేణిలో, వాళ్ల నివేదికలు సంవత్సరాల వారీగా ఇ శ్రేణిలో, వచ్చిన ఉత్తరాలకు లండన్ కార్యాలయంలో గుమాస్తాలు రాసి పెట్టుకున్న నకళ్లు సి.ఎల్.ఆర్. శ్రేణిలో ఉంటాయి. ఈ నకళ్ల సంగతి ముందే తెలియడం నా అదృష్టం. గుమాస్తా చేతిరాత మిషనరీ చేతిరాత కన్నా పదింతలు నయం. అసలు ఉత్తరంలో మాట పోల్చుకోలేకపోతే నకలులో చూసుకోవచ్చు. పరిశోధకులెవరైనా ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: వీటికి నకళ్లు ఉన్నాయా?

లైబ్రరీ కార్డుకీ వీసాకీ నా విశ్వవిద్యాలయం నుంచి పరిచయ పత్రం కావాలి. అక్టోబరు 21న దరఖాస్తు ఇచ్చాను. చేతికొచ్చింది డిసెంబరు 2న. మొత్తం నలభై రెండు రోజులు. ఆ ఒక్క పేజీ నాలుగు టేబుళ్లు దాటింది. రెండుసార్లు తప్పిపోయింది. ఒకసారి నా పేరులోనే తప్పు పడింది. మా గైడ్ గారు స్వయంగా వెళ్లి నిలబడితే తప్ప కదలలేదు. ఆరు నెలల ముందు మొదలుపెట్టినా తొందరపడినట్టు కాదు.

వీసా సందర్శకుల వీసానే. విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ పని కోసం దాని మీద వెళ్లవచ్చు. అప్పట్లో రుసుము 115 పౌండ్లు, మన డబ్బులో పన్నెండు వేల పైచిలుకు. జనవరి 17న హైదరాబాద్‌లో వేలిముద్రలు ఇచ్చాను. ఫిబ్రవరి 10న పాస్‌పోర్టు తిరిగొచ్చింది. ఆ ఇరవై నాలుగు రోజులూ విమాన టికెట్ ధర పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక చిన్న ప్రయాణ గ్రాంటు దొరికింది, 1,20,000 రూపాయలు. అది సరిపోలేదు. విమానానికి 58,400, పదమూడు రాత్రుల గదికి దాదాపు 75,000, తిండికి పదిహేను వేలు, బస్సులకూ బీమాకూ ఏడు వేలు, వీసా ఖర్చు వేరు. మొత్తం లక్షా అరవై ఎనిమిది వేల పైన తేలింది. మిగిలినది నా ఫెలోషిప్ పొదుపులోంచీ, మా అన్న ఇచ్చిన దాంట్లోంచీ వెళ్లింది. గది విషయంలో ఒక మాట. ఆక్స్‌ఫర్డ్‌లో టర్ము ముగిసి విద్యార్థులు ఇళ్లకు వెళ్లాక, వాళ్ల కాలేజీ గదులను బయటివాళ్లకు అద్దెకు ఇస్తారు. ఈసారి టర్ము మార్చి 15న ముగిసింది. నేను 16న దిగాను. హోటళ్ల కన్నా అది చవక, పొద్దున పలహారం కూడా అందులోనే. వంటిల్లు మాత్రం లేదు. వేడినీళ్ల కెటిల్ ఒక్కటే. ఇంటి నుంచి తీసుకెళ్లిన అటుకులు, ఉప్మా రవ్వ పొట్లాలు, అమ్మ కట్టిన చెనక్కాయల పొడి నన్ను కాపాడాయి.

మార్చి 17, సోమవారం. బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న వెస్టన్ లైబ్రరీకి తొమ్మిదికల్లా చేరాను. పాత కాగితాలు, రాతప్రతులు చూపించే భవనం ఇది. 1930లలో కట్టారు. లోపలంతా కొత్తగా తీర్చిదిద్ది, 2015లో మళ్లీ తెరిచారు. ముందు పెద్ద హాలు, కాఫీ కొట్టు, పిల్లలతో వచ్చిన తల్లులు. ఎవరైనా అక్కడిదాకా రావచ్చు. అక్కడి నుంచి లోపలికి వెళ్లాలంటే మాత్రం కార్డు కావాలి.

కార్డు ఇచ్చే గదిలో పాస్‌పోర్టు, చిరునామా రుజువు, పరిచయ పత్రం చూశారు. ఫోటో తీశారు. తర్వాత ఒక అట్ట ముక్క చేతికిచ్చి, పైకి చదవమన్నారు. ప్రతి కొత్త పాఠకుడూ చేయవలసిన ప్రమాణం అది. లైబ్రరీ వస్తువు దేన్నీ బయటికి తీసుకుపోననీ, దాని మీద గీతలు గీయననీ, పాడుచేయననీ, లైబ్రరీలోకి నిప్పుగానీ మంటగానీ తీసుకురాననీ, లోపల రాజేయననీ, పొగ తాగననీ, నియమాలకు కట్టుబడతాననీ. ఆ ప్రమాణం గురించి ముందే విన్నాను. అయినా ఎదురుగా ఒక మనిషి కూర్చుని వింటుంటే, గొంతు పెట్టి ఒక్కో మాటా పలకడం వేరు. మంట అన్న మాట దగ్గర నా గొంతు కొద్దిగా వణికింది. మా ఊళ్లో పాత బడి కాగితాల పెట్టె ఒకటి ఉండేదట. నా చిన్నప్పుడు ఎవరో చలికాలంలో ఆ పెట్టెలోవే తీసి చలిమంట వేసుకున్నారని మా జేజి (నాయనమ్మ) చెప్పింది. ఆ పెట్టె మిగిలి ఉంటే నేను ఇంత దూరం రావలసిన పని ఉండేదా అన్న ఆలోచన ఆ గదిలోనే తట్టింది. ఈ లైబ్రరీ 1602 నుంచి పాఠకులకు తెరిచి ఉంది. 1645లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ ఒక పుస్తకం ఇంటికి కావాలంటే, ఇవ్వడం కుదరదన్నారు. రాజుకే ఇవ్వనివాళ్లు మూడు వందల ఎనభై ఏళ్ల తర్వాత మా పల్లె ఉత్తరాన్ని నా ముందు పెట్టారు.

కోటు, బ్యాగు, పెన్నులు, నీళ్ల సీసా అన్నీ లాకరులో వదిలేయాలి. లోపలికి పెన్సిలు, నోటు పుస్తకం, ల్యాప్‌టాప్, ఫోను మాత్రమే. అవీ బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచిలో. నేను ఇంటి నుంచి నటరాజ్ పెన్సిళ్లు ఒక పెట్టెడు తీసుకెళ్లాను, మంచిపని చేశాను. గది చల్లగా ఉంటుంది. కాగితాలకు ఆ చలి మేలు, మనకు కాదు. కోటు వేసుకోనివ్వరు గనుక, లోపల స్వెట్టరు తప్పకుండా ఉండాలి. మొదటి రోజు పలుచటి కుర్తీతో వెళ్లి మధ్యాహ్నానికి వేళ్లు కొంకర్లు పోయాయి. సాయంత్రమే పాత బట్టలమ్మే కొట్టులో ఏడు పౌండ్లకు ఉన్ని స్వెట్టరు కొన్నాను.

అన్నీ ముగించుకుని నా కుర్చీలో కూర్చునేసరికి పదకొండున్నర దాటింది. మెయిళ్లలో ముందే ఆర్డరు పెట్టడం వల్ల నా సంపుటాలు అప్పటికే కౌంటరు వెనక వరసలో ఉన్నాయి. అలా పెట్టనివాళ్లు పక్క టేబుల్ దగ్గర ఖాళీ చేతులతో కూర్చున్నారు. ఒక్కోసారి ఒక్కటే ఇస్తారు. అది తిరిగి అప్పగిస్తేనే రెండోది. మెత్తటి స్పాంజి దిమ్మెలు రెండు వాలుగా పెట్టి, వాటి మధ్య సంపుటాన్ని తెరవాలి, వీపు విరగకుండా. పేజీ లేవకుండా ఉండడానికి గుడ్డలో పూసలు కుట్టిన పొడవాటి తాడు ఒకటి ఇస్తారు. పాములా మెలికలు తిరిగి పేజీ అంచు మీద బరువుగా పడుకుంటుంది. తెల్లటి చేతి తొడుగులు ఇస్తారేమోనని ఎదురుచూశాను. కౌంటరు దగ్గరున్న ఆమె నవ్వి వద్దంది. తొడుగులుంటే కాగితం అంచు వేలికి తెలియదట, చిరిగేది అప్పుడేనట. చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలు.

నేను రాసుకున్న లెక్క ప్రకారం మొదటి రోజు అరవై ఫోలియోలు (సంఖ్య వేసిన కాగితాలు) చదవాలి. చదివింది ఆరు.

ఆ సంగతి ఎవరూ చెప్పరు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు చేతిరాత అచ్చులో చూసే ఇంగ్లీషు కాదు. సిరా గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పలుచటి కాగితం గనుక వెనక వైపు రాత ముందుకు కనిపిస్తుంది. కాగితం పొదుపు కోసం కొందరు పేజీ నిండాక, దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన దాని మీదే మళ్లీ రాసేవాళ్లు. అటువంటి పేజీ ఒకటి ఎదురైనప్పుడు అది మగ్గం మీద పడుగు పేకలా కనిపించింది తప్ప ఒక్క అక్షరం కనిపించలేదు. కౌంటరు దగ్గర ఉన్నాయన వచ్చి, ఆ కాగితం కింద ఖాళీ తెల్ల కాగితం పెట్టమన్నాడు. వెనక పేజీ నీడ తగ్గింది. ఆ తర్వాత మూడో రోజంతా ఒక పని చేశాను. ఒక మిషనరీ రాసిన తేలిక మాటలు, తేదీలు, ఊర్ల పేర్లు తీసుకుని, ఆయన ఏ అక్షరాన్ని ఎలా మెలితిప్పుతాడో నా నోటు పుస్తకంలో వరసగా గీసుకున్నాను. ఒకటో తరగతి పిల్లలా. ఆ రోజు పని వ్యర్థమైందని రాత్రి ఏడుపొచ్చింది. నాలుగో రోజు నుంచి చదువు సాగింది. అదే చేతిరాతలో రోజుకు ముప్పై, నలభై ఫోలియోలు. ఇంకో మనిషి రాత వస్తే మళ్లీ మొదటికి. అక్కడికి ఒకే వారం కోసం వెళ్లాలనుకునేవాళ్లు, ఆ వారంలో మూడు రోజులు కళ్లకు అక్షరాభ్యాసానికే పోతాయని లెక్క వేసుకోవాలి.

రెండో రోజు జరిగిన తప్పు కూడా చెప్పాలి. సొంత ఫోనుతో ఫోటోలు తీసుకోనిస్తారు. ఫారం మీద సంతకం చేయాలి, ఫ్లాష్ ఉండకూడదు, చప్పుడు ఆపేయాలి. ఆ ఉత్సాహంలో సాయంత్రం లోపల 312 ఫోటోలు తీశాను. రాత్రి గదిలో తెరిచి చూస్తే ఏ ఫోటో ఏ సంపుటానిదో, ఏ ఫోలియోదో తెలియలేదు. అన్నీ ఒకే గోధుమరంగు పేజీలు. అందులో సగం తర్వాత మళ్లీ తీయవలసి వచ్చింది. అప్పటి నుంచి సంపుటం తెరవగానే మొదట దాని వీపు మీది చీటీని ఫోటో తీసేదాన్ని. ప్రతి ఉత్తరం ముందూ పెన్సిలుతో సంఖ్య రాసిన కాగితం ముక్క పక్కన పెట్టేదాన్ని. ఎంత అలసిపోయినా ఆ రాత్రే పేర్లు మార్చి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచేదాన్ని. తిరిగొచ్చేటప్పటికి రెండు వేల పైచిలుకు ఫోటోలు ఉన్నాయి, ప్రతిదాని ఊరూ పేరూ నాకు తెలుసు.

మార్చి 20, గురువారం. 1877 తొలి నెలల ఉత్తరాల్లోకి వచ్చాను. ఆ కరువు చదివినవాళ్లకు టెంపుల్ కూలి అన్న మాట తెలిసే ఉంటుంది. 1877 జనవరిలో, కరువును చూసి రమ్మని భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ అది మనిషిని బతికించదని వాదించాడు. చివరికి ఆ సంవత్సరమే కూలి పెంచారు. ఇదంతా అచ్చు నివేదికల్లో చదివినప్పుడు రెండు కార్యాలయాల మధ్య వాదంలా ఉండేది. ఇక్కడ చేతిలో ఉన్నది నీలిరంగు పలుచటి కాగితం. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర గీత నల్లబడి ఉంది. ఒక పౌను అన్న మాట మడత మీద పడింది. సిరా అక్కడ పగిలి ఉంది.

ఒక పౌను అంటే ఎంత? అరకిలో కన్నా కొంచెం తక్కువ. మా ఇంటి కొలపాత్రల్లో సోలకు ఎక్కువ, తవ్వకు తక్కువ. మా జేజి ఇప్పటికీ జొన్నలు ఆ తవ్వతోనే కొలుస్తుంది. కొలిచి, పిడికెడు పైన వేస్తుంది. పగలంతా చెరువు గట్టున మట్టి మోసిన మనిషికి ఆ తవ్వ కూడా నిండదు. అది తట్టగానే కళ్లు నిండాయి. కాగితం మీద చుక్క పడుతుందేమోనని కుర్చీ వెనక్కి జరిపాను. కౌంటరు దగ్గరున్న ఆమె గమనించి వచ్చి, సంపుటాన్ని మెల్లగా మూసి, మీ పేరుతోనే ఉంచుతాను, కాసేపు బయటికి వెళ్లి రండి అని చెప్పింది. మెట్ల దగ్గర పది నిమిషాలు నిలబడి వచ్చాను. ఆమె మళ్లీ ఏమీ అడగలేదు. అటువంటివాళ్లను ఆ గదిలో చాలామందిని చూసి ఉంటుంది.

1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గింది. ఆ అంకె నా మొదటి అధ్యాయంలో మొదటి వాక్యం. ఆ రోజు తర్వాత దాన్ని అక్కడి నుంచి తీసేశాను. అది ఎక్కడ రావాలో ఇంకా తేల్చుకోలేదు.

శనివారం అచ్చు పుస్తకాలకు కేటాయించాను. సంఘం తన దాతల కోసం నడిపిన ది మిషన్ ఫీల్డ్ అనే మాసపత్రిక 1877, 1878 సంపుటాలు తెప్పించాను. చేతిరాతతో కుస్తీ పట్టిన కళ్లకు అచ్చు అక్షరం పండగలా ఉంది. ఎడమ పక్కన నా ఫోటోలు, కుడి పక్కన పత్రిక. ఒక ఉత్తరంలోంచి తీసుకున్న పేరా పత్రికలో కనిపించింది. పోల్చాను. ఉత్తరంలో ముగ్గురు స్థానిక ఉపాధ్యాయులు ఏ పల్లెకు నడిచి వెళ్లారో, ఎంత గింజ పంచారో ఉంది. అచ్చులో ఆ ముగ్గురూ లేరు. పంచింది మిషన్ అయింది. మా పల్లెల్లో బడి చెప్పి, ఊరూరూ తిరిగి, ఆ కరువులో శవాలను పూడ్చినవాళ్లు దాతలకు పంపిన పత్రికలోకి ఎక్కలేదు. నా పరిశోధనకు ఈ ఒక్క శనివారం చాలు. అచ్చు ప్రతులు మాత్రమే చూసి ఆగిపోయి ఉంటే నేనూ ఆ ముగ్గురినీ వదిలేసేదాన్ని.

ఆదివారం పడుకున్నాను. బట్టలు ఉతుక్కున్నాను. అంతే.

రెండో వారం మొదట్లో ఒక పొరపాటు చేశాను, తప్పు నాదే. మద్రాసు అని రాసి ఉన్న సంపుటం తెప్పిస్తే, అందులో అధిక భాగం తిరునెల్వేలి ఉత్తరాలు. ఆ సంఘానికి దక్షిణాన అతి పెద్ద మిషన్ అదే. తెలుగు పల్లెల కాగితాలు వాటి మధ్య సన్నగా ఉంటాయి. జాబితాలో మద్రాసు అన్న మాట చూసి తొందరపడకూడదని అప్పుడు తెలిసింది. అయితే ఆ సంపుటంలో ఒక పేజీ తిప్పి ఆగిపోయాను. కింద సంతకం రాబర్ట్ కాల్డ్‌వెల్. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒకే కుటుంబమని 1856లో వ్యాకరణం రాసి చూపించిన మనిషే. ఆయన ఇడయన్‌గుడిలో ఇదే సంఘం మిషనరీ. ఎం.ఏ.లో పేరు వల్లెవేసిన మనిషి సంతకం నా వేలి దూరంలో ఉంది. అరగంట పోయింది. పోనివ్వాలనే అనిపించింది.

మార్చి 25, మంగళవారం మధ్యాహ్నం మా ఊరి పేరు కనిపించింది. ఇంగ్లీషులో ఎంత వంకరగా రాశారంటే మొదట దాటిపోయాను. రెండు పేజీల తర్వాత అనుమానం వచ్చి వెనక్కి తిరిగాను. పైకి పలికి చూద్దామంటే రీడింగ్ రూములో పలకకూడదు. పెదవులు కదిపి చూశాను. మా ఊరే. ఊళ్ల జాబితాలో ఒక వరస. బడి ఉంది, పిల్లలు పద్నాలుగు మంది, కరువులో ఎనిమిది మంది లేరు. పేర్లు లేవు.

నేను అక్కడికి వెళ్లడానికి అసలు కారణం ఈ వరసే. చిన్నప్పటి నుంచి వినే మాట ఒకటి ఉంది. మా తాతముత్తాతలు కరువులో గంజి కోసం మతం మారారని. బడిలో విన్నాను, హాస్టల్లో విన్నాను, ఒక సెమినారులో మర్యాదగా చెప్పగా విన్నాను. బియ్యపు క్రైస్తవులు అంటారు. ఆ ఇ శ్రేణి నివేదికలు కరువుకు ఇరవై ఏళ్ల ముందు నుంచీ ఉన్నాయి. 1860ల్లోనే మాల పల్లెలు, మాదిగ పల్లెలు మాకు ఒక అయ్యవారిని పంపండి, బడి కావాలి అని అడిగిన సంగతి వాటిలో మళ్లీ మళ్లీ వస్తుంది. గింజ అడగలేదు, అయ్యవారిని అడిగారు. కరువులో చేరినవాళ్లు ఉన్నారు, చాలామందే ఉన్నారు. ఆకలితో వచ్చినవాళ్ల గురించి నేను తలదించుకోను. ఆకలి సిగ్గుపడవలసిన సంగతి కాదు. కానీ మా ఊరి బడి ఆ పెద్ద కరువు కన్నా పాతది. ఈ ఒక్క మాట కాగితం చూపించి చెప్పగలగడానికి నాకు ఆరు నెలలూ, లక్షా అరవై ఎనిమిది వేలూ పట్టింది.

మా ఊరి పేరున్న ఆ ఉత్తరంలోనే ఒక మాట దగ్గర మూడు రోజులు చిక్కుబడ్డాను. ఊళ్లలో జనం ఏం తిని బతుకుతున్నారో రాస్తూ, పల్లేరుకాయల పిండి అని రాశాడు, అది తెలిసింది. దాని పక్కనే ఇంకో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. నా కంటికి అది చంచల అని కనిపించింది. చంచల ఏమిటి? గుమాస్తా రాసిన నకలు తెప్పిస్తే, ఆయనకూ అర్థం కాక అక్కడ ఖాళీ వదిలి గీత గీశాడు. కౌంటరు దగ్గరివాళ్లు భూతద్దం ఇచ్చారు. ఇంకో పాఠకురాలు, ఆఫ్రికా మిషన్ల మీద పనిచేస్తున్న పెద్దావిడ, తనకు తోచింది చెప్పింది. తేలలేదు. నోటు పుస్తకంలో ఆ మాట చోట ఖాళీ పెట్టి, పక్కన ప్రశ్నార్థకం వేసి ముందుకు పోయాను.

చివరి రోజు, 28 శుక్రవారం, కొత్తది ఏదీ తెప్పించలేదు. ఈ నిర్ణయం నాకు చాలా మేలు చేసింది. ఉదయమంతా నా ఫోటోలను అసలు పేజీలతో సరిచూసుకున్నాను. పదిహేడు ఫోటోల్లో అంచు తెగింది, నాలుగింటిలో నా వేలి నీడ ఒక వరసను మింగేసింది. ఇంటికి వచ్చాక తెలిస్తే ఆ నాలుగు వరసల కోసం మళ్లీ రాలేను. మధ్యాహ్నం మూడింటికి చివరి సంపుటం కౌంటరు మీద పెట్టి, ఇక అవసరం లేదని చెప్పాను. ఆమె చీటీ తీసేసి, మీ ఊరు దొరికిందా అని అడిగింది. దొరికిందన్నాను. ఎక్కడో చూపించమంది. మూసిన సంపుటం మళ్లీ తెరిచి, స్పాంజి దిమ్మెల మీద పెట్టి, ఆ వరస చూపించాను. ఊరి పేరు ఎలా పలకాలో అడిగింది. చెప్పాను. ఆమె రెండుసార్లు పలికింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. ఆ గదిలో మా ఊరి పేరు పైకి వినిపించడం నాకు తెలిసి అదే మొదటిసారి.

29 శనివారం బయల్దేరి, 30న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాను. ఆ రోజు ఉగాది, విశ్వావసు నామ సంవత్సరం మొదలైంది. నంద్యాల బస్సు కిటకిటలాడింది. సాయంత్రానికి ఊరు చేరేసరికి వీధుల్లో మామిడాకులు, వేపపూత వాసన. మా జేజి నులక మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లు. ధాత కరువు కథలు ఆమెకు వాళ్ల జేజి చెప్పింది, ఆ జేజి కరువునాటికి ఆరేడేళ్ల పిల్ల.

ల్యాప్‌టాప్ తెరిచి మా ఊరి పేరున్న పేజీ చూపించాను. ఆమెకు చదువు రాదు, కానీ తెర మీద వేలు పెట్టి, ఎక్కడ, ఎక్కడ అని అడిగింది. తెలుగులో మెల్లగా చెప్పుకుంటూ వచ్చాను. ఎనిమిది మంది పిల్లల దగ్గర ఆమె ఏమీ అనలేదు. పల్లేరుకాయల పిండి అన్నప్పుడు తల ఊపింది.

“పల్లేరుకాయలు, ఇంకా ఏదో తిన్నారని రాశాడు జేజీ. చంచల అని ఉంది. అదేమిటో తెలియడం లేదు.”

“చంచల కాదమ్మా, చెంచలాకు,” అంది. “చేలల్లో దానంతట అది మొలుస్తుంది. వాన లేకపోయినా నాలుగు మొక్కలు వస్తాయి. చింతపండు వేసి నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు పెట్టలేదు?”

సంచిలోంచి నోటు పుస్తకం తీసి, ఖాళీగా వదిలిన చోట పెన్సిలుతో రాసుకున్నాను.